మా అత్తగారు, నీలం రంగు

పాపారపట్టిలో మా అత్తగారు పోయిన శుక్రవారం కన్నుమూశారు. ధర్మపురి నుంచీ కారిమంగళం నుంచీ వచ్చిన చుట్టాలు నా చేయి పట్టుకుని "పుణ్యాత్మురాలు" అన్నారు. అంత మాట నేను అనను. మొండి మనిషి. ఆ మొండితనమే ఆవిడను ఇన్నేళ్ళు నిలబెట్టింది. ఒకసారి చంపబోయింది కూడా.

మాది చింతపండు వ్యాపారం. నేను కాపురానికి రాకముందు నుంచే ఆవిడకు చక్కెర జబ్బు. రోజూ పొద్దున పెరట్లో చిన్న స్టవ్ వెలిగించి, గాజు గొట్టంలో నీలం మందు పోసి, అందులో కాస్త మూత్రం కలిపి కాచేవారు. నీలం నీలంగానే ఉంటే చక్కెర అదుపులో ఉన్నట్టు. ఆకుపచ్చ, పసుపు దాటి ఇటుక రంగుకు తిరిగిందంటే సూదిమందు పెంచాలి. "నీలమొచ్చింది!" అని పెరట్లోంచి కేక వినిపిస్తే ఆ పూట ఇంట్లో అందరికీ ప్రశాంతం. ఇటుక రంగు వస్తే మాత్రం తప్పంతా నా వంటది. "నిన్న పులుసులో బెల్లమేసినావు కదే!" అని మొదలుపెట్టేవారు.

ఎనభై నాలుగైదు ప్రాంతంలో బెంగళూరులో ఉద్యోగం చేసే మా మరిది, రక్తంలో చక్కెర చూసే స్ట్రిప్పులు తెచ్చాడు. అప్పట్లో అవి అపురూపం. ఒక సీసా కొని సగం వాళ్ళ మామగారికీ సగం వాళ్ళమ్మకూ పంచాడు. మా వాటా ఖాళీ మాత్రల డబ్బాలో వచ్చింది. ఏ రంగుకు ఎంత చక్కెరో చూపించే పట్టీ అసలు సీసా మీదే ఉండిపోయింది. వేలు పొడిచి చుక్క వేయడం, నిమిషం ఆగి దూదితో తుడవడం, ఇంకో నిమిషం ఆగి చూడడం, అన్నీ నేర్పాడు. "రంగుల సంగతి నీకు తెలీనిదా అమ్మా" అని బస్సెక్కాడు.

ఆ స్ట్రిప్పులో చక్కెర పెరిగే కొద్దీ నీలం ముదురుతుంది. పెరట్లో కాచే మందుకు పూర్తిగా తలకిందులు. అది మా ఇంట్లో ఎవరికీ తెలియదు.

ఆవిడది ముదురు నీలం వచ్చింది. "చూడే, నేరేడు పండు మాదిరి ఎట్లుండాదో! జబ్బు పోయింది నాకు" అని సూది మానేశారు. అంతటితో ఊరుకుంటే అత్తగారెందుకవుతారు? నా వేలూ పొడిచారు. నాది తెల్లగా పాలిపోయి ఉంది. "అయ్యో పిల్లా, నీకుండాదే జబ్బు!" అన్నారు. మా ఆయనదీ తెలుపే. ఇంటిల్లిపాదికీ చక్కెర జబ్బు, ఆవిడొక్కరే ఆరోగ్యవంతురాలు! ఆ రోజు నుంచి మాకు కాకరకాయ, ఆవిడకు ఒబ్బట్లు. నా కాఫీలో చక్కెర తీసేసి, "నోరు కట్టుకో పిల్లా. నీకేమన్నా అయితే నేనేం జేసేది?" అని కళ్ళనీళ్ళు పెట్టుకున్నారు. నాకు ఒళ్ళు మండింది. అయినా ఆ ఏడుపు దొంగ ఏడుపు కాదు.

వారం తిరక్కముందే ఆవిడకు దాహం పట్టుకుంది. బిందె పక్కనే పెట్టుకుని తాగేవారు. ఒక మధ్యాహ్నం పిలిస్తే పలకలేదు. కారు మాట్లాడుకుని ధర్మపురి ఆస్పత్రికి తీసుకుపోయాం. సూది ఎందుకు మానేసిందని డాక్టరు అడిగితే, "నీలమొచ్చింది కదా సార్" అన్నాడు మా ఆయన. డాక్టరు తల పట్టుకున్నాడు. మనిషి దక్కుతుందో లేదో రెండు రోజుల దాకా చెప్పలేదు. నాకు చాలా భయమేసింది. రోజూ పోట్లాడే మనిషే అయినా, ఆవిడ కేకలు లేని ఇంటికి ఎట్లా తిరిగి పోవాలో తెలియలేదు.

తెలివి రాగానే జరిగింది చెప్పాం. తన సంగతి ఒక్క మాట అడగలేదు. నా వైపు చూసి, "అయితే నీకు లేదా?" అన్నారు.

"లేదత్తా."

"హమ్మయ్య. పో, పోయి చక్కెర ఏసుకొని కాఫీ తాగు."

ఆ తర్వాత సీసాలు నిండుగా, పట్టీతో సహా వచ్చేవి. అయినా కొత్త సీసా తెరిస్తే మొదటి స్ట్రిప్పు నాకే. "నీ నెత్తురు నాకు తూకం సరిచూసే పడికట్టు రాయి" అనేవారు. నాది తెల్లగా ఉంటేనే సీసా మంచిదని నమ్మకం, ఆ తర్వాతే తన వేలు. దుబారా అని మా మరిది గోల పెట్టేవాడు. ఆవిడ వింటేగా! చివరి ఏడాది ఆవిడకు చూపు పోయింది. అప్పటి నుంచి రంగు నేనే చెప్పేదాన్ని.

ఆ చివరి శుక్రవారం పొద్దున కొత్త సీసా మూత తీశాను. ఆ చప్పుడుకే కదిలి, "నీది ముందు" అన్నారు.

"ఇప్పుడు నాదెందుకత్తా? మీది చూడాల."

"నీది."

పొడుచుకున్నాను. తుడిచాను. ఆగాను.

"ఏం రంగు?"

"తెలుపత్తా."

"నిజంగా?"

"మీ మీదొట్టు."

"చాల్లే పిల్లా" అని తన వేళ్ళు మడిచి దుప్పట్లోకి లాక్కున్నారు. రెండో స్ట్రిప్పు పట్టుకుని, ఆ చేయి బయటికి వస్తుందేమోనని నేను చూస్తూ కూర్చున్నాను.