పేరు పక్కన పి.బి.

నగరి నేతవీధుల్లో మరమగ్గాలు నెలకు ఒక్క రోజు ఆగుతాయి, అమావాస్య నాడు. మిగిలిన రోజుల్లో అక్కడ ఎవరితో మాట్లాడాలన్నా గొంతు పెంచాలి. అంగన్‌వాడీ టీచరు గీతాంజలి ఆ చప్పుడులోనే పుట్టి పెరిగింది. ఆమె గొంతు పెద్దది. ఓటరు జాబితా పట్టుకుని ఇల్లిల్లూ తిరిగే పని అప్పగించినప్పుడు ఆ గొంతే అక్కరకొచ్చింది.

బూత్ లెవల్ ఆఫీసరు అంటే పేరు ఘనంగానే ఉంటుంది. చేతికింద ఎవరూ ఉండరు. గీతాంజలి బూతులో పదకొండువందల నలభై పేర్లు. పద్దెనిమిది నిండినవాళ్ళను చేర్చాలి, ఇల్లు మారినవాళ్ళను మార్చాలి, చనిపోయినవాళ్ళను తీసేయాలి. తీసేయడానికి ఏడో నంబరు ఫారం. ఆరేళ్ళ కిందట తల్లి భారతమ్మ పోయినప్పుడు ఆ ఫారం నింపింది గీతాంజలే. ఆ రోజు తండ్రి దామోదరం గడపలో కూర్చుని చూస్తూ, "మీ అమ్మ పేరు మింద గీత గీసేసినావా?" అని అడిగాడు. గీసేశానంది.

దామోదరం యాభై ఏళ్ళు చేమగ్గం నేశాడు. కొడుకు మునిశేఖర్ పక్కింట్లోనే మరమగ్గాలు పెట్టాక మానేశాడు. కూతురి దగ్గరే ఉండేవాడు. మోకాళ్ళు పోయి వీధి దాటడం లేదు. జాబితాలో ఆయన వయసు ఎనభై ఆరు. ఆయన లెక్కలో ఎనభై రెండు. ఎప్పుడో ఎవరో లెక్కలు రాసే మనిషి తలపాగా చూసి నాలుగేళ్ళు ఎక్కువ వేశాడని చెప్పేవాడు.

ఆయనకు మురుగేష్ అని ఒక స్నేహితుడు. ఒకే కొట్టంలో ముప్పై ఏళ్ళు పక్కపక్క మగ్గాల మీద కూర్చున్నారు. తర్వాత మురుగేష్ ఊరికి ఆ కొసన కొడుకు దగ్గరికి వెళ్ళిపోయాడు. ఆయనకూ కాళ్ళు లేవు. ఇద్దరి పేర్లూ ఒకే బూతులో ఉన్నాయి. మురుగేష్ పేరును కొత్త వీధికి మారుస్తానని గీతాంజలి రెండుసార్లు అడిగినా ఆయన ఒప్పుకోలేదు. ఎందుకంటే, ఎవరి ఇంటికి ఎవరూ పోలేని ఆ ఇద్దరూ కలిసేది పోలింగు రోజు ఒక్కటే. ముసలివాళ్ళు నేరుగా లోపలికి పోవచ్చని కానిస్టేబులు చెప్పినా లైను వదిలేవాళ్ళు కాదు. ఒకరి భుజం ఒకరు పట్టుకుని నిలబడి, చచ్చినవాళ్ళ గురించీ, కొట్టం యజమాని పిసినారితనం గురించీ మాట్లాడుకుంటూ ఒక్కో అడుగూ జరిగేవాళ్ళు.

అంతకుముందు ఎన్నికల్లో దామోదరం ఆ లైనులోనే ఎండకు కళ్ళు తిరిగి పడిపోయాడు. గీతాంజలి ఇరవై అడుగుల దూరంలో, స్లిప్పులు రాసే బల్ల దగ్గర ఉంది. లేచి పరిగెత్తడానికి లేదు. ముందు నలభై మంది ఉన్నారు. మురుగేష్ తన తుండు తడిపి ఆయన ముఖం తుడుస్తుంటే కూర్చున్నచోటి నుంచే చూసింది.

అందుకే ఈసారి ఎనభై ఐదు దాటినవాళ్ళు ఇంటి నుంచే ఓటు వేయొచ్చని పన్నెండు డి ఫారాలు వచ్చినప్పుడు, ఒకటి తండ్రి ముందు పెట్టింది.

"ఆఫీసర్లే ఇంటికొస్తారు నాయనా. అట్ట అడ్డం పెడతారు. నువ్వు మంచం దిగబళ్ళేదు."

"నాకు యాడుండాయి ఎనభై ఐదు? మురుగేష్‌కి ఇచ్చినావా ఇది?"

"ఆయన వద్దన్నాడు."

"సూడు, వాడికుండే బుద్ధి నీకు లేదు."

"పోయినసారి పడిపోయింది ఆయన కాదు కదా, నువ్వు."

ఆ మాటకు దామోదరం తగ్గాడు. ఫారం తిప్పి తిప్పి చూశాడు. "సరేలే, నీ ఉద్యోగానికి ఒక ఫారం తక్కువైందని రాకూడదు. ఆళ్ళు రాకపోతే నేను బూతుకే పోతా" అంటూ సంతకం పెట్టాడు.

ఈ ఫారం ఇచ్చినవాళ్ళకు ఇక బూతులో ఓటు ఉండదు. జాబితాలో పేరు పక్కన పి.బి. అని పడుతుంది, పోస్టల్ బ్యాలెట్ అని. బృందం రెండుసార్లు ఇంటికి వస్తుంది. రెండుసార్లూ మనిషి లేకపోతే ఓటు పోయినట్టే. శిక్షణలో మూడుసార్లు చెప్పారు. మిగిలిన ఎనిమిది ఇళ్ళలో గీతాంజలి ఆ సంగతి అరిచి మరీ చెప్పింది. తండ్రికి మాత్రం చెప్పలేదు. చెబితే సంతకం పెట్టడని ఆమెకు తెలుసు.

బృందం ఏ రోజు వస్తే బాగుంటుందని సూపర్‌వైజరు చక్రధర్ అడిగాడు. ఆమె ఆలోచించకుండానే చెప్పింది: "బుధవారం అమాస సార్. మగ్గాలు ఆపుంటారు. అందురూ ఇండ్లల్లోనే ఉంటారు."

నేతవాళ్ళ ఇంటి ఆడపిల్ల చేయకూడని పొరపాటు అది. మగ్గాలు ఆగే ఆ ఒక్క రోజే నేతవాళ్ళు ఆస్పత్రులకూ, పెళ్ళిచూపులకూ, కోర్టు పనులకూ పోతారు. గీతాంజలి నాలుగు వారాలుగా స్లిప్పులు పంచుతూ తండ్రి లేవకముందే పోయి ఆయన పడుకున్నాక వస్తోంది. తమ్ముడితో మాట్లాడి వారం దాటింది. తండ్రి కంటి శుక్లాల ఆపరేషనుకు మునిశేఖర్ అదే అమావాస్యకు తిరుపతిలో రోజు తీసుకున్నాడు. బుధవారం ఉదయం ఏడింటికి బృందాన్ని ఎక్కించుకోవడానికి ఆమె తహసీల్దారు ఆఫీసుకు పోయింది. ఎనిమిదింటికి తండ్రీ తమ్ముడూ తిరుపతి బస్సెక్కారు. పదింటికి బృందంతో ఇంటికొస్తే తలుపుకు తాళం.

ఫోను చేసింది.

"యాడుండారురా?"

"తిరప్తిలో. కంటాస్పత్రిలో. అమాస రోజు ఆపరేషనంటే జనం బయపడతారు కదక్కా, లైనే లేదు. నాయన్ను లోపలికి తీసకపోయినారు."

"నాకెందుకు చెప్పలేదు?"

"నువ్వు ఇంట్లో ఎప్పుడుండావని చెప్పేది?"

శుక్రవారం మళ్ళీ వస్తామని బృందం పెద్ద రాసుకున్నాడు. ఆయన వడమాలపేట వైపు హైస్కూల్లో మాస్టరు, మెత్తని మనిషి. శుక్రవారం పొద్దున కంటికి మళ్ళీ చూపించుకుని వెంటనే బయలుదేరమని గీతాంజలి ఆస్పత్రిలోనే ఆగిన తమ్ముడికి ఫోనులో నాలుగుసార్లు చెప్పింది. వాళ్ళు తొమ్మిదిన్నరకల్లా బస్సెక్కారు. పుత్తూరు దగ్గర ఒక పార్టీ ఊరేగింపు రోడ్డు నిండా నిలబడింది.

బృందం పదిన్నరకు ఇంటి ముందు నిలబడింది. అట్టపెట్టె, కవర్లు, కానిస్టేబులు, వీడియో తీసే మనిషి. అన్నీ వచ్చాయి, ఓటరు తప్ప. పదకొండు అయింది.

"ఇంకో పది నిమిషాలు సార్. పుత్తూరు దాటినారంట."

"అమ్మా, నాకు ఇంకా ఐదిళ్ళున్నాయి. ఒకటి కొండకింద పల్లె. అక్కడ ఊపిరాడని ముసలామె కాచుకోనుండాది."

పదకొండుంబావు దాకా ఆగాడు. తర్వాత తాళం వేసిన తలుపును వీడియో తీయించాడు. ఓటరు రెండోసారీ ఇంటి వద్ద లేరని కాగితం రాశారు. దాని కింద బూత్ లెవల్ ఆఫీసరు సంతకం కావాలి. గీతాంజలి తన ఇంటి అరుగు మీదే కాగితం పెట్టి సంతకం చేసింది.

పదకొండు నలభైకి దామోదరం నల్లకళ్ళద్దాలతో ఆటో దిగాడు. "పోయినారా? పోతే పోనీలే. సోమవారం బూతుకే పోతా. మురుగేష్ ఎట్లాగూ వస్తాడు" అన్నాడు. ముఖంలో బాధేమీ లేదు. నిజానికి సంతోషంగానే ఉన్నాడు.

ఆమె పెరట్లోకి పోయి చక్రధర్‌కు ఫోను చేసింది. "మూడోసారి లేదమ్మా. నీకు తెలీని రూలా?" అన్నాడాయన. శనివారం తండ్రితో చెబుదామనుకుంది. చెప్పలేదు. ఆదివారం పోలింగు సామాను వచ్చింది. కంటి ఆపరేషనైంది కదా, ఎండలోకి పంపొద్దని మాత్రం తమ్ముడితో అంది.

సోమవారం ఉదయం తొమ్మిదింటికి దామోదరం ఉతికిన పంచె కట్టుకుని, కర్ర పట్టుకుని మునిసిపల్ స్కూలు గేటు దగ్గర కనిపించాడు. మునిశేఖర్ వెనకాల నిలబడి, నేనేం చేసేదన్నట్టు అక్క వైపు చూశాడు. మురుగేష్ అప్పటికే లైనులో ఉన్నాడు.

"ఏందబ్బా, నల్లద్దాలు పెట్టుకోని సినిమాలో మాదిరి వచ్చినావు!"

"నీ మొగం తేటగా కనపడకుండా పెట్టుకున్యా."

"కన్ను కోయిచ్చుకున్నావంట కదా. ఇప్పుడైనా సూసి గుద్దు. పోయినసారి ఏ గుర్తుకు గుద్దినావో నీకే తెలీదు."

"నీకు తెలిసినట్టు సెప్తావే. అట్ట చాటున కదా గుద్దింది!"

లైనులో ఉన్నవాళ్ళు నవ్వారు. గీతాంజలి తన బల్ల దగ్గర నుంచి అన్నీ చూసింది, అన్నీ వింది. అప్పుడే లేచి పోయి చెవిలో చెప్పి ఉండొచ్చు. చెప్పలేదు. స్లిప్పులు రాస్తూ కూర్చుంది. ముసలివాళ్ళిద్దరూ ఒకరి భుజం ఒకరు పట్టుకుని, ఒక్కో అడుగూ జరుగుతూ, ముప్పావుగంట మాట్లాడుకున్నారు. ఆ ముప్పావుగంట తండ్రికి ఇచ్చానో, చెప్పడానికి ధైర్యం లేక దాక్కున్నానో తనకే తెలియదని ఆమె తర్వాత తమ్ముడితో అంది.

లోపల జాబితా చూసే అధికారి వేలు ఒకచోట ఆగింది. "పెద్దాయనా, మీది పి.బి. అని ఉంది. ఇక్కడ వేయడానికి లేదు."

"నేనింకా వెయ్యలా సామీ. సూడు, వేలికి సుక్క లేదు." దామోదరం రెండు చేతులూ చాపి చూపించాడు.

"మీరు ఇంటి దగ్గర వేస్తామని రాసిచ్చారు. పక్కకు రండి, వెనక వాళ్ళున్నారు."

ఆయన వాదించలేదు. కర్ర తీసుకుని బయటికి వచ్చి, నేరుగా కూతురి బల్ల దగ్గరికి నడిచి, పక్కనున్న బెంచీ మీద కూర్చున్నాడు. గీతాంజలి కలం ఆపింది.

"నా పేరు పక్కన ఏం రాసినారు?"

"పోస్టల్ అని, నాయనా."

"మీ అమ్మకు గీసినావే, అట్లాంటిదేనా?"

"కాదు నాయనా. అది వేరే."

"ఓటు లేకుండా పోయేది రెండిట్లోనూ ఒకటే కదా." కూతురి వైపు తిరిగి అడిగాడు. "నీకు ముందే తెలుసునా?"

"తెలుసు."

ఆయన తలూపాడు. అంతే. తిట్టి ఉంటే బాగుండేది.

అంతలో మురుగేష్ ఓటు వేసి బయటికి వచ్చాడు. లోపల జరిగింది ఆయన చూశాడు. ప్రతి ఎన్నికలకూ సిరా చుక్క చూపించి, నాది నీదానికన్నా పెద్దదని ఎగతాళి చేసే మనిషి, ఎడమచేతిని తుండులో చుట్టుకుని వచ్చి స్నేహితుడి పక్కన కూర్చున్నాడు. ఇద్దరూ చాలాసేపు కూర్చున్నారు. తన కొడుకు ఆటో తెచ్చి పిలిచినప్పుడు కూడా మురుగేష్ చెయ్యి తుండులోంచి తీయలేదు. లేవడానికి దామోదరం చెయ్యి అందిస్తే, కుడిచెయ్యి మాత్రమే ఇచ్చాడు.

ఆ తర్వాత దామోదరం ఇంట్లో ఆ మాట ఎత్తలేదు. కూతురితో మామూలుగానే ఉన్నాడు. అన్నం పెడితే తిన్నాడు, చుక్కల మందు వేస్తే వేయించుకున్నాడు. ఎన్నికల పని మీద ఆమె సంచి భుజాన వేసుకుంటే మాత్రం మొహం మగ్గాల వైపు తిప్పుకునేవాడు. కార్తీకంలో నాలుగు రోజుల జ్వరంతో పోయాడు. మురుగేష్ కూడా మంచంలో ఉండి చివరిచూపుకు రాలేకపోయాడు.

జాబితా సవరణ వచ్చింది. గీతాంజలి తన బూతులో చనిపోయిన పదమూడు మందిలో పన్నెండు పేర్లు పంపింది. చక్రధర్ ఫోను చేశాడు.

"గీతాంజలమ్మా, మీ నాయనది ఆగిపోయుండాది. నేనూ ఎన్నాళ్ళని ఆపేది?"

"పంపిస్తా సార్."

"రూలు ప్రకారం ఇంటికి పోయి విచారించి రాయాల."

"నేను ఇంట్లోనే ఉండా సార్."

"దరఖాస్తు మీ తమ్ముడితో పెట్టించు. బయటివాళ్ళది ఒక సాక్షి సంతకం తీసుకో" అని పెట్టేశాడు.

మునిశేఖర్ మగ్గం ఆపి, చేతులు తుడుచుకుని సంతకం చేశాడు. సాక్షి కోసం వీధిలో ఎవరినైనా అడగొచ్చు. గీతాంజలి ఊరికి ఆ కొసకు నడిచి పోయింది. మురుగేష్ మంచం మీద లేచి కూర్చున్నాడు.

"ఏందిమ్మా ఇది?"

"నాయన పేరు తీసేసే కాగితం. నువ్వు సాక్షి."

ఆయన కాగితం వైపు చూడలేదు. "ఆ పొద్దు నేను లోపలికి పోకుండా ఉండాల్సింది. వాడితోపాటే తిరిగి వచ్చేసుండాల్సింది."

గీతాంజలి సిరాపెట్టె తెరిచింది. "వేలు ఈడ పెట్టు పెద్దాయనా."

ఆయన ఎడమచెయ్యి చాపాడు. ఆమె ఆ బొటనవేలిని సిరాలో అద్ది, కాగితం మీద ఒత్తించి, తన కొంగుతో శుభ్రంగా తుడిచింది. తర్వాత మంచం పట్టె మీద కాగితం ఆనించి, కింద అధికారి రాయాల్సిన చోట, పన్నెండు మందికి రాసినట్టే రాసింది: విచారించితిని, వాస్తవము.