బేస్‌మెంట్ ఇచ్చేశాం

కంప్యూటర్ సైన్స్‌తో పాటు ఆఫ్రికన్ అమెరికన్ల చరిత్రని మైనర్ సబ్జెక్టుగా తీసుకున్నానని చెప్పగానే నాన్న ముఖం మాడిపోయింది. "వాళ్ళ చరిత్ర నీకెందుకమ్మా? జాబ్‌కి అప్లై చేసినప్పుడు ఎవడైనా అడుగుతాడా?" అన్నారు. ఒళ్ళు మండి ఇంగ్లీషులో దులిపేశాను. ఆ టర్మ్ అంతా యూనివర్సిటీ ఉన్న హామిల్టన్ నుంచి ఇంటికొచ్చిన ప్రతిసారీ మాకు గొడవే. అన్యాయం గురించి మా క్లాసులో నా అంత గట్టిగా మాట్లాడేవాళ్ళు లేరు, ఆ పొగరు కూడా నాకు బాగానే ఉండేది.

ఏజాక్స్ ఊళ్ళో మా ఇంటి అడుగున ఉన్న బేస్‌మెంట్ వాటా అద్దెకిస్తామని నాన్న ఆన్‌లైన్‌లో యాడ్ పెట్టారు. వచ్చినవాళ్ళతో మాట్లాడటం నా పని. తన యాస వింటే బేరాలాడతారని ఆయన భయం. ఒక శనివారం, చెప్పిన టైముకే, హాస్పిటల్ యూనిఫాంలో ఒకావిడ వచ్చి బెల్ కొట్టింది. డోర్‌బెల్ కెమెరాలో నల్లటి ముఖం కనబడగానే నాన్న, బయటివాళ్ళతో మాట్లాడే ఆ ఫోన్ తెచ్చి మేడ మీద గదిలో నా ముందు పెట్టారు.

"ఇచ్చేశామని చెప్పేయ్."

మర్నాటికి వ్యాసం ఇవ్వాలి. లాప్‌టాప్ మీంచి తల ఎత్తకుండానే, "సారీ, బేస్‌మెంట్ ఇచ్చేశాం" అన్నాను. ఆవిడ మెట్లు దిగి వెళ్ళిపోయింది.

నల్లవాళ్ళకి ఇళ్ళు అద్దెకివ్వకుండా ఎలా తిప్పి పంపేవారన్నదే ఆ వ్యాసం. రెండో పేజీలో ఒక ఇంటి యజమాని మాట రాస్తున్నాను: ఇల్లు ఇచ్చేశాం. అక్కడ నా చేతులు ఆగిపోయాయి.

కిందికి వెళ్ళి నాన్న మీద విరుచుకుపడ్డాను. మరీ కోపం వస్తే నాకు ఇంగ్లీషు కాదు, తెలుగే వస్తుంది. "సిగ్గు లేదా నాన్నా మీకు?"

ఆయన టీవీ మీంచి కళ్ళు తిప్పలేదు. "నేనేమన్నాను? చెప్పింది నువ్వేగా."

ఆయన్ని అసహ్యించుకున్నాను. అంతకంటే ఎక్కువగా, ఆవిడతో ఆ మాట అన్న నన్ను. యాడ్‌కి ఆవిడ పంపిన మెసేజ్‌లో నంబర్ ఉంది. ఫోన్ చేసి, బేస్‌మెంట్ ఖాళీగానే ఉంది, వచ్చి చూడండి అన్నాను.

"పొద్దున డోర్‌బెల్‌లో మాట్లాడింది నువ్వేనా?"

"అవును."

"ఎవరికో ఇచ్చేశారుగా," అని పెట్టేసింది.

వ్యాసం టైముకే ఇచ్చాను. ఎ ప్లస్ వచ్చింది. చాలా నిజాయితీగా రాశావని ప్రొఫెసర్ వ్యాసం కింద రాసి మెచ్చుకున్నారు.