యసుయో ఎంచుకున్న చెయ్యి

చోఫూ ఊళ్లో సినిమా స్టూడియో గేటుకు ఎదురుగా మాకు భోజనం డబ్బాల్లో కట్టి అమ్మే కొట్టు ఉండేది. యసుయో ఏళ్ల తరబడి అందులో నాతో కలిసి పనిచేసింది. ఆమెకు ఎడమ చెయ్యి మోచేతి కింద నుంచి లేదు. పెళ్లీడులో ఉండగా రేకుల ఫ్యాక్టరీలో, రేకులు నొక్కే యంత్రం కింద పడి పోయింది. ఆసుపత్రిలో ఆమెకు తెలివి వచ్చేలోపే ఏ చెయ్యి పెట్టాలో మేనేజరూ, డాక్టరూ, వాళ్ల అన్నయ్యా మాట్లాడుకుని తేల్చేశారు. చర్మం రంగు రబ్బరు చెయ్యి. గోళ్లు కూడా ఉన్నాయి, వేళ్లు మాత్రం కదలవు. ఎండాకాలం దాని కింద చెమట పట్టి ఒరుసుకుపోయేది.

"ఆ పీడ తీసి అవతల పెట్టవే" అనేదాన్ని.

"చూసేవాళ్లకి బాగుండదక్కా" అనేది.

వీడియో క్యాసెట్ల రోజులవి. స్టూడియోలో సైబోర్గ్ సినిమా ఒకటి మొదలైంది. ప్రమాదంలో పడిన ఒకమ్మాయిని ఒక కంపెనీ సగం యంత్రంగా మార్చి బతికిస్తుంది. ఆ తర్వాత నీ ఒళ్లు మాదే అంటుంది. ఆ సినిమాకి ఇనుప చేతులూ కాళ్లూ తయారుచేసే కువబారా గారు రోజూ మా కొట్లోనే తినేవారు. ఒకరోజు డబ్బా అందుకుని కదలకుండా నిలబడ్డారు.

"యసుయో గారూ, ఒక మాట అడుగుతాను. నచ్చకపోతే ఆ గరిటెతో నాలుగు తగిలించండి."

"ముందు అడగండి. గరిటె ఎక్కడికీ పోదు."

హీరోయిన్‌కు బదులు చెయ్యి కనిపించే షాట్లలో నటించమని అడిగారు. యసుయో నా వంక చూసింది. వెళ్లమన్నాను. ఒక్కతే వెళ్లనంటే నేనూ వెంట వెళ్లాను.

ఆయన బల్ల మీద మూడు చేతులు పరిచారు. ఒకటి అచ్చం మనిషి చెయ్యి. ఒకటి తళతళలాడే ఐదు వేళ్ల లోహపు చెయ్యి. మూడోది రెండే వేళ్ల కొక్కెం, మరలన్నీ బయటికే.

"ఏది కావాలమ్మా?"

"సినిమాకి ఏది పనికొస్తే అది పెట్టండి."

"సినిమా సంగతి నేను చూసుకుంటాను. మీకేది కావాలి?"

యసుయో మూడింటినీ మార్చి మార్చి చూసింది. తర్వాత కొక్కేన్ని ముట్టుకుంది. "ఇది దేనిలాగానూ నటించడం లేదు" అంది.

కథలో ఒకచోట కంపెనీ మనిషి వచ్చి ఆ చేతిని ఊడదీసుకుపోవాలి. రిహార్సల్లో అతను పట్టీ మీద చెయ్యి వెయ్యగానే యసుయో వెనక్కి లాక్కుంది.

"క్షమించండి, నేనే తీసిస్తాను" అంది.

డైరెక్టరు నొమోతో కుర్రవాడు, ముక్కోపి. అరుస్తాడనుకున్నాం. అతను పెన్సిలు కొరికాడు. "కథలో అమ్మాయి కూడా అలాగే అంటుందేమో. సరే, మీరే తీసి వాడి ముందు పెట్టండి" అన్నాడు.

కథ ముగింపు మాత్రం మారలేదు. ఆ అమ్మాయికి మళ్లీ చర్మం వచ్చి, "ఇప్పుడు నేను మనిషిని" అంటుంది. సినిమా చూస్తుంటే హాల్లో నా పక్కన యసుయో గొణిగింది: "మరి ఇందాకటి దాకా ఏడ్చిందెవరట?"

నవ్వాపుకోలేకపోయాను. ముందు వరసవాళ్లు వెనక్కి తిరిగి చూశారు.

సినిమా ఆడలేదు. కానీ కువబారా గారు ఆ కొక్కేన్ని నిజంగా పనికొచ్చేలా తోలు పట్టీలతో మళ్లీ చేసి యసుయోకిచ్చారు. దానితో ఊరగాయ జాడీ మూత నాకన్నా తొందరగా తీసేది. బుద్ధి పుట్టిన రోజు పెట్టుకునేది, లేని రోజు ఒట్టి మోచేత్తోనే డబ్బాలు కట్టేది. రబ్బరు చెయ్యి ఏమైందో నేనడగలేదు, తనూ చెప్పలేదు.

యసుయో ఆయనకు దండం పెట్టబోతే, "నేను ఇనుమే కదమ్మా ఇచ్చింది" అన్నారు.

"ఏది కావాలని నన్నడిగారు కదండీ" అంది యసుయో.

ఆ చలికాలం మొదటిసారి నాతో వీధిలో ఆడవాళ్లంతా కలిసి స్నానం చేసే స్నానాల ఇంటికి వచ్చింది, చేతికి ఏమీ లేకుండా. లోపల ఉన్నవాళ్లు ఆ చేతి వంక చూశారు. మేదర బుట్టలల్లే ముసలావిడ పక్కకు జరిగి పీట చూపించింది.

"ఒంటిచేత్తో వీపెలా తోముకుంటావే? రుద్దనా?"

"రుద్దండి మామ్మా, కాస్త గట్టిగా" అంది యసుయో, వీపు తిప్పి కూర్చుంటూ.