లెక్క ఆపేసిన డాక్టరమ్మ

పిల్లల కోసం నేను తెనాలిలో చూపించుకున్న డాక్టరమ్మకు, స్కానింగ్‌ తెర మీద కనిపించే అండాలను పైకి లెక్కపెట్టే అలవాటుండేది. తొంభైల్లో ఒక ఉదయం నేను రేపల్లె నుంచి రైల్లో వెళ్ళాను. లెక్క ఇరవై దాటాక ఆవిడ లెక్కపెట్టడం ఆపేసింది.

"మందుకి అండాశయాలు మరీ ఉబ్బాయమ్మా. ఇప్పుడు అండాలు విడుదలవ్వడానికిచ్చే ఆఖరి ఇంజెక్షన్ ఇస్తే పొట్టలో నీరు చేరి ప్రాణం మీదికొస్తుంది. ఈ నెలకి ఆపేద్దాం."

"పెళ్ళయి ఎనిమిదేళ్ళయిందండి. ఏమైనా పర్లేదు, ఇచ్చేయండి," అంటూ ఆవిడ చెయ్యి పట్టుకున్నాను. ఆవిడ చెయ్యి విడిపించుకుంది.

"నాకు భయమమ్మా. ఇలాగే ఒకమ్మాయి బతిమాలితే ఇచ్చాను. ఆ పిల్లని తిరిగి ఇంటికి పంపలేకపోయానమ్మా."

ఇంజెక్షన్ వద్దన్నాను. రేపల్లెలో దిగేదాకా పొట్ట మీంచి చెయ్యి తియ్యలేదు.

వాపు తగ్గింది. తర్వాత కూడా నాకు పిల్లలు పుట్టలేదు. అయినా ఆవిడ భయపడబట్టే నేనింకా ఉన్నాను.