నేను కడిగిన రాళ్లు

జూలై రెండో మంగళవారం, ఉదయం పదకొండు గంటలు. దిల్‌సుఖ్‌నగర్‌లో ఒక కోచింగ్ సెంటర్ పై అంతస్తులోని చిన్న కంపెనీ. హాజరైనవారు: యజమాని ప్రసాదరావు, ఇంజినీరు శ్రీలత, సలహాదారుగా నేను. టీ మూడు కప్పులు. డైరీలో ఇంతే రాసుకున్నాను.

ప్రభుత్వ ప్రయోగశాలలో సీనియర్ జియాలజిస్టుగా రిటైరయ్యాక ఈ కంపెనీ నన్ను పిలిచింది. చమురు బావుల లోతుల్లోంచి తీసిన ఇసుకరాతి ముక్కలను అక్కడ ఎక్స్‌రేతో స్కాన్ చేస్తారు. రాయి మొత్తం తీస్తే బొమ్మ మసకగా వస్తుంది. స్పష్టంగా కావాలంటే బియ్యపుగింజంత ముక్కనే స్కాన్ చేయగలం. అందుకని ముందు రాయంతా మసకగా తీసి, అందులోంచి గింజంత కోసి స్పష్టంగా తీసి, రెండు బొమ్మలనూ జతగా డీప్ లెర్నింగ్ ప్రోగ్రాముకు చూపిస్తారు. ఇలాంటి జతలు చాలా చూశాక మిగతా రాయి బొమ్మను అదే స్పష్టం చేసిపెడుతుంది. రంధ్రాల్లో చమురు ఎంత సులువుగా పారుతుందో ఆ బొమ్మలనుబట్టి లెక్కిస్తారు. ముక్కలు కోసి సిద్ధం చేయడం నా పని. ప్రోగ్రాము శ్రీలతది, ఎనిమిది నెలల శ్రమ.

ఆ రోజు ఫలితాలు చూడగానే నాకు ఉత్సాహం వచ్చింది. ఎదుటివారి తప్పు దొరికితే నాకెప్పుడూ అంతే. ఆ రాతి రంధ్రాల్లో బంకమట్టి ఉండి తీరాలి. చమురు దారికి అడ్డుపడే ఆ మట్టి బొమ్మల్లో ఎక్కడా లేదు. అలాంటి లెక్కతో చమురు కాగితం మీద ధారగా పారుతుంది, బావిలో పారదు. మిషన్ మట్టిని మింగేసిందని ప్రకటించి, మనిషి కంటి గొప్పతనం గురించి పావుగంట మాట్లాడాను.

"ఎందుకు మింగిందో గది కూడ జర చెప్పుండ్రి సార్," అంది శ్రీలత. "దానికి ఆకలైందా ఏంది? మనం చూపెట్టిందే నేర్చుకుంటది."

"మాస్టారు కాదన్నాక ఇంకేముందమ్మా," అన్నారు ప్రసాదరావు. "రేపు పొద్దున్నే అభ్యంతరం రాసిస్తారు. ఈ ప్రోగ్రాము పక్కన పెట్టేద్దాం."

ఆమె లాప్‌టాప్ మూసేసింది. టీ ముట్టలేదు.

మెట్రోలో ఎల్బీనగర్ చేరేలోపు అభ్యంతర పత్రం మొదటి వాక్యాన్ని మూడు రకాలుగా కూర్చుకున్నాను. వనస్థలిపురంలో ఇంటికి చేరి, దానికి బలంగా ఉంటుందని నమూనాల డైరీ తెరిచాను. ముక్క కోసిన ప్రతి రోజూ ఒకటే రాత: "కోసితిని. కంపనాల తొట్టిలో అరగంట కడిగితిని. మిక్కిలి శుభ్రముగా ఉన్నది."

నీటిని అదిరించి మురికి వదిలించే ఆ తొట్టిలో కడగమని ఎవరూ చెప్పలేదు. మసక స్కాను మట్టి ఉన్న రాయిది. స్పష్టమైన స్కాను నేను మట్టి వదిలించిన ముక్కది. రంధ్రంలో మట్టి మసకగా కనిపిస్తే అక్కడ ఖాళీ గీయాలని ప్రోగ్రాము నేర్చుకుంది. అది ఏమీ మింగలేదు, నా దగ్గర చదువుకుంది. సర్వీసు మొత్తంలో అంత శ్రద్ధగా నా మాట విన్నవాళ్లు లేరు.

"కడిగిన గ్లాసునే మళ్లీ కడుక్కుని తాగే మనిషి, రాళ్లనొదుల్తారా?" అంది మా ఆవిడ.

మర్నాడు ఉదయం ఆఫీసులో ఆ ఇద్దరి ముందూ డైరీ చదివాను. ప్రసాదరావు డైరీ తీసుకుని ఆ పేజీలు తనే మళ్లీ తిరగేశారు. కడగని ముక్కలతో మళ్లీ నేర్పించాలని, ప్రోగ్రామును కొనసాగించాలని తేల్చారు. నేను తెలుసుకున్నది ఇది: ప్రోగ్రాము ఏం చూపిందని అడిగేముందు, దానికి ఎవరు ఏం చూపించారని అడగాలి. నమూనా తయారుచేసినవాడు తీర్పు చెప్పకూడదు.

లోపాల నివేదికలో కారకుడి పేరుకు ఒక గడి ఉంటుంది. నింపి ఇచ్చాను.

శ్రీలత కాగితాన్ని కళ్ల దగ్గరికి తెచ్చుకుంది. "పేరు మసకగ ఉంది సార్. జర స్పష్టంగ రాయుండ్రి."

పెద్ద అక్షరాలతో మళ్లీ రాశాను.