ఆయన డీజిల్ అనే అన్నాడు

జమ్మలమడుగు దాటి ముద్దనూరు పోయే దారిలో మాకొక పెట్రోలు బంకు ఉండేది. ప్రొద్దుటూరులో తాత పెట్టిన గుడ్డల అంగడిని చిన్నాయనకు వదిలేసి మా నాయన ఈ బంకు తీసుకున్నాడు. నేను డిగ్రీ తప్పి ఇంట్లో కూర్చున్న ఏడాది నన్నూ వెంట తీసుకుపోవడం మొదలుపెట్టాడు. పొద్దున్నే ప్రొద్దుటూరులో బస్సెక్కడం, పొద్దు గూకేలోపల తిరిగి బస్సెక్కడం. పొద్దు గూకినాక ఆ దారిలో మీకేం పని అని మా అమ్మ అడిగేది. దానికి జవాబు లేదు గనుక మేము వచ్చేసేవాళ్ళం.

ఆ రోజుల్లో మా పక్క డీజిల్ అంటే లారీ, ట్రాక్టరు, జీపు. పెట్రోలు అంటే మోటారు సైకిలు, స్కూటరు, చిన్న కారు. బండి దూరంగా కనపడగానే చెయ్యి దానంతట అదే ఆ పైపు మీదికి పోయేది. జీపులు వస్తే మాత్రం మా నాయన తానే లేచేవాడు. ఎన్నికల ముందు ఒకదాని వెనక ఒకటి ఐదారు జీపులు వచ్చేవి. లోపల ఉన్నవాళ్ళు కిందికి దిగేవాళ్ళు కాదు. ఆయన ఎవరి ముఖమూ చూడకుండా ట్యాంకులు నింపి, మూతలు బిగించి, లోపలికి వచ్చి కూర్చునేవాడు. "ఎవురొచ్చినారో చూసినావా?" అని నన్ను అడిగేవాడు. "లేదు నాయనా" అనాలి. చూసినా అదే జవాబు. వ్యాపారంలో నాకు ఆయన నేర్పింది ముందుగా ఇదే.

చిన్న కార్లకు డీజిల్ ఇంజను పెట్టడం అప్పుడప్పుడే మొదలైంది. బంకులో రోజూ దాని గురించే మాటలు. కొనేటప్పుడు డీజిల్ బండి ఖరీదు, తిరిగేటప్పుడు చవక. పెట్రోలు బండి మెత్తగా పోతుంది, డీజిల్ బండిలో కూర్చుంటే పిండి మర పక్కన కూర్చున్నట్టు ఉంటుంది. మా నాయన తీర్పు ఒకటే. "దినామూ తిరిగేటోనికి డీజిలు. గుడికీ పెండ్లికీ పోయేటోనికి పెట్రోలు." బయటికి మాత్రం రెండూ ఒకటే బండి. అదే తెల్ల రంగు, అవే తలుపులు. వెనక రేకు మీద ఒక చిన్న అక్షరం తేడా, అంతే.

అట్లాంటి డీజిల్ కారు జమ్మలమడుగులో మొదట కొన్నవాళ్ళలో ఒక లెక్కల సారు ఉన్నాడు. పులివెందులలో ఒక కాలేజీలో చెప్పేవాడు. భార్య జమ్మలమడుగులో బడి టీచరు. నాలుగేళ్ళ పాప. సారు వాళ్ళ అన్న సొంత ఊర్లో ఒక వర్గానికి పెద్ద. ఆ అన్నకు పడని వర్గం ఊరు ఒకటి పులివెందుల దారిలోనే ఉంది. సారు ఎవరి జోలికీ పోయినవాడు కాదు. అయినా తమ్ముడు తమ్ముడే. ఒకసారి నేను డీజిల్ పోస్తూ, ఇంత ఎక్కువ పెట్టి ఈ బండి ఎందుకు కొన్నారు సార్ అని అడిగాను.

"ఒకసారి నింపితే శానా దినాలు వస్తాది. నాకు దావలో యాడా ఆపే పని ఉండగూడదప్పా" అన్నాడు. నవ్వుతూనే అన్నాడు.

అది శ్రావణ శనివారం. గండి ఆంజనేయస్వామి దగ్గరికి పోయే మోటారు సైకిళ్ళు పొద్దుటి నుంచీ వరసగా వస్తున్నాయి. మా దగ్గర పనిచేసే ఇద్దరిలో ఒకాయన తానూ గండికే పోయాడు. మా నాయన లోపల ఎవరితోనో మాట్లాడుతున్నాడు. నేను పెట్రోలు పైపు చేతిలో నుంచి దించకుండా బండి తర్వాత బండికి పోస్తున్నాను. ముద్దనూరులో కరెంటు పని చేసే ఒకాయన తన బండి నింపించుకుని కూడా పోకుండా నిలబడి, ఈసారి పార్టీ టికెట్టు ఎవరికి వస్తుందో, రానివాడు ఏ పార్టీలోకి దూకుతాడో చెబుతున్నాడు. బాగా చెప్పేవాడు. నేను నవ్వుతున్నాను.

సారు కారు వచ్చి నిలిచింది. పక్కన భార్య, వెనక సీట్లో పాప. కొబ్బరికాయల సంచీ కనపడింది, వాళ్ళూ గండికే, పులివెందుల దారినే. ఆయన తల బయటికి పెట్టి, "డీజిల్. ఫుల్ చెయ్యప్పా" అన్నాడు.

"సరే సార్" అన్నాను. ఆ మాట నాకు వినపడింది. వినపడలేదని ఎన్నోసార్లు అనుకోవాలని చూశాను, కుదరలేదు. విని, సరే అని, చేతిలో ఉన్న పెట్రోలు పైపునే ట్యాంకులో పెట్టాను.

డీజిల్ పైపు మూతి లావు, పెట్రోలు బండిలో దూరదు. పెట్రోలు పైపు సన్నం, దేంట్లోనైనా దూరుతుంది. నా చెయ్యి అటునుంచి ఇటు తప్పి ఉంటే ఆ పైపే నన్ను ఆపేది. ఇటునుంచి అటు తప్పింది గనుక ఏదీ ఆపలేదు.

సారు తాళం తిప్పి, డీజిల్ ఇంజను వేడెక్కేదాకా వెలిగే పసుపు దీపం ఆరేదాకా ఆగి, బండి తీశాడు. పాప అద్దంలో నుంచి చెయ్యి ఊపింది. నేనూ ఊపాను.

రెండు గంటల తర్వాత ముద్దనూరు వైపు నుంచి వచ్చిన బస్సు డ్రైవరు బంకులో బస్సు ఆపి కిందికి దిగాడు. కుండ దగ్గర నీళ్ళు తాగి, మా నాయనతో చెప్పాడు. "లెక్కల సారును చంపేసినారు. కారు దావలో నిలిచిపోయిందంట. సరిగ్గా ఆ ఊరి ముందరే."

కారును పరీక్షించిన మెకానిక్కు ట్యాంకు విప్పిన వెంటనే వాసన పట్టాడు. సాయంత్రానికి పోలీసులు మా బంకుకు వచ్చారు. నన్ను మరుసటి రోజు రమ్మని చెప్పి పోయారు. ఆ రాత్రి ఇంట్లో మా నాయన నా ఎదురుగా కూర్చున్నాడు. తిట్టలేదు. ఆయన మామూలుగా చిన్న తప్పుకే తిట్టే మనిషి.

"పొరపాటని చెప్తే ఎవురూ నమ్మరు. చంపినోళ్ళ కాడ దుడ్లు తీసుకొని పోసినావంటారు. సారే పెట్రోలు అన్నాడని చెప్పు. చనిపోయినాయన వచ్చి కాదనడు గదా" అన్నాడు.

అట్లాగే చెప్పాను. రాసుకున్నారు. సంతకం పెట్టాను.

నాలుగో రోజు ఒక జీపు వచ్చింది. ముందు సీట్లో ఉన్న మనిషి కిందికి దిగాడు. అట్లా దిగడం నేను అంతకుముందు చూడలేదు. నేరుగా నా దగ్గరికి వచ్చి భుజం మీద చెయ్యి వేశాడు. "మంచి సాయం చేసినావు చిన్న శెట్టీ. మాకు గుర్తుంటాది" అన్నాడు. మెత్తటి చెయ్యి. అత్తరు వాసన. అది సాయం కాదని, పొరపాటని చెప్పడానికి నోరు రాలేదు. మా నాయన రెండు చేతులూ జోడించి నిలబడ్డాడు. జీపు పోయిన తర్వాత ఆయన "చూసినావా?" అని అడగలేదు.

సారు కర్మాంతరం అయిన రెండు రోజులకు ఆయన భార్య ఆటోలో వచ్చింది. మధ్యాహ్నం. ఆటోలో వాళ్ళ నాయన కూర్చుని ఉన్నాడు, ఆమె ఒక్కతే దిగింది. పెట్రోలు పైపు దగ్గర, సరిగ్గా ఆ రోజు కారు నిలిచిన చోట నిలబడింది.

"నేను పక్క సీట్లో ఉంటి. నువ్వు నన్ను చూసినావు" అంది.

"చూసినానమ్మా."

"ఆయన ఏమన్నాడు?"

మా నాయన లోపలి నుంచి గబగబా వచ్చాడు. "ఎండలో నిలబడినావు తల్లీ, లోపలికి రా" అన్నాడు.

"నీతో కాదు పెద్దాయనా నేను మాట్లాడేది" అంది ఆమె, నా మీద నుంచి చూపు తీయకుండా.

"డీజిల్ అన్నాడు" అన్నాను.

"మరి పెట్రోలు అన్నాడని ఎందుకు రాయించినావు?"

"భయమైంది."

"ఎవురంటే?"

"అందరంటే."

ఆమె గొంతు పెంచకుండానే అంది. "జనం ఏమంటాండారో తెలుసా? అంత చదువుకున్నోడు, తన బండిలో ఏం పొయ్యాల్నో తనకే తెలీదంట. లెక్కల సారంట. నగుతాండారు. చంపినోళ్ళు చంపినారు. నువ్వు ఆయన్ను తెలివి లేనోన్ని చేసినావు."

నేను తల దించుకున్నాను.

"ఎవురన్నా చెప్పి పోయించినారా? ఆ బైకు మీద ఉన్న మనిషి ఎవురు?"

"ముద్దనూరులో కరెంటు పని చేస్తాడమ్మా. ఎవురి మనిషీ కాదు."

"ఎవురి మనిషీ కానోడు ఈ పక్క ఉంటాడా? మా ఆయన గూడా అట్లే అనుకున్నాడు."

ఆ తర్వాత ఆమె చెప్పింది. ఎందుకు చెప్పిందో తెలియదు. నేను వినాలనే అనుకుంటాను. ముద్దనూరు దాటినాక ఇంజనులో రాళ్ళు పడినట్టు చప్పుడు మొదలైందట. బండి పొగ కక్కుతూ, గుంజుతూ పోయిందట. ఆపి చూద్దామని ఆమె అంటే, "ఈ ఒక్క ఊరు దాటనీ, ఈ ఒక్క ఊరు" అంటూ తొక్కాడట. ఊరి ముందర బస్సులు ఆగే చోటికి వచ్చేసరికి చప్పుడు ఆగిపోయింది. బండి కొంచెం దూరం ఊరికే దొర్లి నిలిచింది. ఆయన దిగి బానెట్టు ఎత్తలేదు. రెండుసార్లు తాళం తిప్పి చూసి, చెయ్యి తీసేసి, "పాపను కిందికి వంచు" అన్నాడట. అరుగు మీద కూర్చున్నవాళ్ళు లేచి నిలబడడం అద్దంలో కనిపించిందట.

"నన్నూ పాపనూ ఏమీ అనలేదు. ఆడోళ్ళ జోలికి మేము రాము అన్నారు. అయినాక వాళ్ళే కారును పక్కకు నెట్టినారు. వెనక బస్సు వస్తాందని" అంది.

ఆటో ఎక్కేముందు ఒక్క మాట అంది. "ఆయన అన్న మాట ఆయనకు తిరిగి ఇయ్యి. నాకు ఇంకేం వద్దు."

మరుసటి రోజు మా నాయనకు చెప్పకుండా స్టేషనుకు పోయాను. సారు డీజిల్ అన్నాడు, నేనే పెట్రోలు పోశాను, ఇంతకుముందు అబద్ధం రాయించాను అని చెప్పాను. అధికారి కలం పక్కన పెట్టాడు.

"ఎంత ఇచ్చినారు?"

"ఏమీ లేదు సార్. పొరపాటు."

"ఈ పక్క పొరపాటుతో ఎవురూ సావరప్పా" అన్నాడు. అయినా రాసుకున్నాడు.

ఆ సాయంత్రమే మా నాయన బంకుకు తాళం వేసి నన్ను ప్రొద్దుటూరు తీసుకొచ్చాడు. సారు వాళ్ళ అన్న నన్ను వదలడని అందరూ అన్నారు. నాలుగు నెలలు నేను వాకిలి దాటలేదు. వీధిలో జీపు చప్పుడు వినిపిస్తే మా అమ్మ దీపం ఆర్పేది. ఎవరూ రాలేదు. ఎందుకు రాలేదో చాలా కాలం తర్వాత తెలిసింది. ఆమె తన బావ, అంటే సారు వాళ్ళ అన్న ఇంటికి పోయి, "ఆ పిల్లోడు పొరపాటు చేసినాడు. వాన్ని ముట్టుకున్నారంటే నేను కోర్టులో నోరు తెరవను" అని చెప్పి వచ్చిందట. కళ్ళారా చూసి నోరు విప్పే సాక్షి ఆమె ఒక్కతే. ఆయన విన్నాడు.

కేసు ఏళ్ళ తరబడి నడిచింది. ఈలోగా పార్టీలు మారాయి. సారు వాళ్ళ అన్న, అవతలి వర్గం పెద్ద, ఇద్దరూ ఒకే పార్టీలోకి చేరి ఒకే వేదిక మీద దండలు వేసుకున్నారు. ఊరివాళ్ళు ఒక్కొక్కరే వచ్చి మేమేమీ చూడలేదని చెప్పిపోయారు. బావ ఆమెను కూడా రాజీ కమ్మని అడిగాడట. ఆమె ఒప్పుకోలేదు. బోనులో నిలబడి నలుగురిని వేలు పెట్టి చూపించింది. నేనూ చెప్పాను, కానీ నేను చెప్పగలిగింది పెట్రోలు గురించే. కోర్టు కేసు కొట్టేసింది. బయట మెట్ల మీద ఆమె నా పక్క నుంచి పోతూ, "చెప్పినావు. చాలు" అంది.

మా నాయన బంకును అమ్మేసి తిరిగి గుడ్డల వ్యాపారంలోకి వచ్చాడు. ఆ సంగతి గురించి మేమిద్దరం మళ్ళీ మాట్లాడుకోలేదు. ఆయన పోయేముందు ఆసుపత్రిలో, "అబద్ధం చెప్పమన్నది నేనే గదా" అన్నాడు. ఊరుకో నాయనా అన్నాను.

ఇప్పుడు నాకూ ఒక చిన్న కారుంది. పెట్రోలుది. పులివెందుల అంగళ్ళకు సరుకు మాట్లాడడానికి నెలకు రెండుమూడుసార్లు పోతాను. ఇంత తిరిగేవాడివి డీజిల్ తీసుకోవాల్సింది గదా అని నా భార్య అంటుంది. నాకు చప్పుడు పడదని చెప్తాను. నిజమే. నేను ఎన్నడూ వినని చప్పుడు అది, సారు భార్య చెప్పగా విన్నది. రాళ్ళు పడినట్టు. బండి ముద్దనూరు దాటగానే మొదలవుతుంది. అద్దాలు దించి చూస్తాను, నా ఇంజను మెత్తగా పోతూనే ఉంటుంది. ఆ ఊరు దాటినాక చప్పుడు ఆగిపోతుంది.

పోయిన ఎండాకాలం ఒక రోజు అక్కడ బండి ఆపాను. ఆపాలని ఇంట్లో బయలుదేరినప్పుడు అనుకోలేదు. ఊరి ముందర, బస్సులు ఆగే చోటే ఆపి, తాళం తిప్పేసి, లోపలే కూర్చున్నాను. అరుగు మీద ఒక ముసలాయన ఒక్కడే ఉన్నాడు. కొంచెంసేపు చూసి, మెల్లగా లేచి, చెంబుతో నీళ్ళు తీసుకుని నా వైపు రావడం అద్దంలో కనిపించింది. నా చెయ్యి తాళం మీదికి పోయింది. తిప్పలేదు.

"బండి చెడిపోయిందా అప్పా?" అని అడిగాడు.

"లేదు పెద్దాయనా. ఊరికే ఆపినా."

"ఈడ ఎవురూ ఆపరు" అన్నాడు. ఆ మాటలో దాపరికం ఏమీ లేదు. బెదిరింపూ లేదు. "ఎండ శానా ఉండాది, తాగు" అని చెంబు ఇచ్చాడు. ఆయన వయసు లెక్క వేశాను. అప్పటికి నలభై ఉంటాయి. ఆ రోజు ఆయన ఈ అరుగు మీదే ఉన్నాడేమో. కారు నెట్టినవాళ్ళలో ఉన్నాడేమో. పొలంలో ఉన్నాడేమో, ఏమీ తెలియదేమో.

"ఏ ఊరప్పా మీది?"

"ప్రొద్దుటూరు" అన్నాను.

నీళ్ళు చల్లగా ఉన్నాయి. తాగి చెంబు తిరిగి ఇచ్చాను. ఆయన దాన్ని బోర్లించి, మిగిలిన చుక్కలు మట్టిలో విదిలించి, వచ్చినంత మెల్లగా అరుగు దగ్గరికి నడిచిపోయాడు.