డిచ్‌పల్లి గుట్ట మీద కసరత్తు

ఆ రోజుల్లో మాకు భయాలకు కొదవ లేదు. బాపు దగ్గినా భయమే, నలుగురిలో నోరు విప్పాలంటే మరీ భయం. అలాంటిదాన్ని నిజామాబాద్ ఆడపిల్లల బడిలో టీచర్‌గా చేరాను. నెల తిరక్కుండానే మా పెద్ద టీచరమ్మ పిలిచి, "డిచ్‌పల్లి గుట్ట మీది రామాలయం చూపెట్టనీకి జనాన్ని బస్సులల్ల తీస్కపోతున్నం. టికెట్ల మీద వచ్చిందంత కుష్ఠు దవాఖానల ఉన్నోళ్లకు చెద్దర్ల కోసం. బొమ్మల గురించి చెప్పేది నువ్వే" అన్నది. నేనా అంటే, "మల్ల నేనా? నాకు మోకాళ్లు నొస్తయి" అని తేల్చేసింది.

అంతటితో అయిపోతే బాగుండేది. అప్పటికే నాకు బోధన్ సంబంధం ఖాయమైంది. చక్కెర ఫ్యాక్టరీ క్వార్టర్ల నుంచి వచ్చే బస్సులో కాబోయే అత్త కూడా ఉందని అక్క కబురు మోసుకొచ్చింది. "పిల్ల నలుగుర్ల ఎట్ల మాట్లాడ్తదో సూస్తదట!" ఆ గుడి గోడల మీద దేవుళ్లు, ఏనుగులే కాదు, శిల్పి ఏ మొహమాటమూ లేకుండా చెక్కిన ఆలుమగల బొమ్మలూ ఉన్నాయి. (పెళ్లికాని పిల్లలను ఆ పక్కకు పోనిచ్చేవాళ్లు కాదు. అందుకే అందరం చూసి ఉన్నాం.)

ఆ రోజు గుట్ట మీద ఏనుగు దగ్గరే కాలం గడిపాను. తొండం చెప్పాను, దంతం చెప్పాను. "తోక గురించి ఇంకెంత చెప్తవ్ టీచరమ్మా, ముంగటికి పోదాం" అన్నదొకామె. ఆ గోడ రానే వచ్చింది. నేను చెయ్యి చాపి దూరంగా పొలాలు చూపించాను. ఎవరూ తిరగలేదు. అత్త ఆకు నములుతూ సరిగ్గా ఆ బొమ్మ కింద నిలబడి, వేలు చూపింది.

"బిడ్డా, గీళ్లు ఏం జేస్తున్నరు?"

సంబంధం పోయినట్టే, ఇక బాపుకు ముఖం ఎట్లా చూపించాలి అనుకుంటుండగా నోరు దానంతట అదే తెరుచుకుంది. "కసరత్తు, అత్తమ్మా... ఎనకట... ఒంటికి మంచిదని..."

ఆమె నన్ను చూసింది, బొమ్మను చూసింది, ఆకును ఒక దవడకు నెట్టింది. "గట్లనా! గీ కసరత్తుతోనే నేను ఆర్గురిని కన్న బిడ్డా."

గుట్ట గుట్టంతా నవ్వింది. నేను మాత్రం అక్కడే కూలబడ్డాను. అత్త నవ్విందో, కోపగించిందో తేల్చుకోలేక చచ్చాను. ఆమె వచ్చి నా చెయ్యి పట్టి లేపింది. "ఒళ్లంత సల్లబడ్డదేందే! మేం మనుషులం, కరువం" అన్నది. మెట్లు దిగేదాకా ఆ చెయ్యి వదల్లేదు. అయినా సంబంధం మాట మాత్రం ఎత్తలేదు.

దవాఖాన గేటు దగ్గర అందరి నవ్వులూ ఆగిపోయాయి. అప్పట్లో ఆ రోగమంటే అంత బెదురు. చెద్దర్లు గేటు దగ్గరే పెట్టి పోదామని ఎవరో గొణిగారు. అత్త "దా" అని నన్ను లాక్కుంటూ లోపలికి నడిచింది. వరండాలో కూర్చున్న ఒక అవ్వ భుజాల మీద చెద్దరు కప్పింది. నేను దాని అంచులు సర్దాను. ఆ అవ్వ నన్ను ఎగాదిగా చూసి, "నీ బిడ్డనా?" అని అడిగింది.

"కోడలు" అన్నది అత్త.

ఇప్పుడు నేను ఆనాటి అత్త వయసు దాటిపోయాను. మైకు దొరికితే వదలనని ఇంట్లో ఫిర్యాదు కూడా ఉంది. అయినా అప్పుడప్పుడు, కుచ్చిళ్లు గుప్పిట పట్టి గుట్ట ఎక్కుతున్న ఆ పిల్ల గుర్తొస్తుంది. "ఏం కాదు పోవే" అని చెప్పాలనిపిస్తుంది. చెప్పినా నమ్మేది కాదులెండి, పిచ్చిది.